నెల తప్పకముందే కనిపించే మరక కడుపు కబురేనా?

నెలసరి రావడానికి ఇంకా నాలుగు రోజులుందనగా లోదుస్తుల మీద గోధుమరంగు మరక ఒకటి కనిపిస్తుంది. పిల్లల కోసం ఎదురుచూస్తున్న ఇంట్లో ఆ మరకకు వెంటనే అర్థాలు మొదలవుతాయి. ఫోనులో వెతికితే, పిండం గర్భసంచిలో నాటుకునేటప్పుడు వచ్చే రక్తమని, శుభసూచనేనని ఎక్కడ చూసినా అదే మాట. అమ్మను అడిగితే ‘ఒంట్లో వేడి చేసి ఉంటుంది, సబ్జా నీళ్లు తాగు’ అంటుంది. అంతకుముందు కడుపు పోయిన అనుభవం ఉన్న స్నేహితురాలు మాత్రం వెంటనే డాక్టరు దగ్గరకు పరిగెత్తమంటుంది.

ఆ మరక తనంతట తాను ఏ కబురూ చెప్పదని ముందే చెప్పేస్తాను. దాని రంగును బట్టి, వచ్చిన రోజును బట్టి, ఎన్ని చుక్కలన్న లెక్కను బట్టి గర్భాన్ని తేల్చే పట్టికలు ఇంటర్నెట్‌లో కొల్లలుగా ఉన్నాయి. వాటికి ఆధారాలు మాత్రం చాలా పలచన. కడుపు నిలిచిందా లేదా అన్నది మూత్ర పరీక్ష తేలుస్తుంది. నిలవాల్సిన చోటే నిలిచిందా అన్నది స్కానింగ్ తేలుస్తుంది. ఆ రెండూ చేయాల్సిన పనిని మరకకు అప్పగించడంతోనే చిక్కులు మొదలవుతాయి. కొందరు ఉత్తపుణ్యానికి ఆశపడి కుంగిపోతారు. ఇంకొందరు అసలైన ప్రమాదాన్ని మంచి శకునమనుకుని ఇంట్లో కూర్చుంటారు.

కథ ఎంత చక్కగా అతుకుతుందో చూడండి

జనవరి 1న నెలసరి మొదలైన స్త్రీని ఉదాహరణగా తీసుకుందాం. ఆమెకు 28 రోజులకొకసారి క్రమం తప్పకుండా నెలసరి వస్తుందనుకుందాం. జనవరి 14 ప్రాంతంలో అండం విడుదలవుతుంది. అది ఒక రోజుకు మించి బతకదు. ఆలోపు వీర్యకణం కలిస్తే ఫలదీకరణ జరుగుతుంది, అదీ గర్భసంచిలో కాదు, అండాశయం నుంచి గర్భసంచికి వెళ్లే సన్నని గొట్టమైన అండవాహికలో (ట్యూబులో). ఆ ఒక్క కణం రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విడిపోతూ నాలుగైదు రోజుల్లో గర్భసంచికి చేరుతుంది. అప్పటికి దాని పరిమాణం మహా అయితే మిల్లీమీటరులో ఐదో వంతు, అంటే సన్న ఉప్పు పలుకుకన్నా చిన్నది.

ఆరో రోజు దాటాక అది గర్భసంచి లోపలి పొరకు అంటుకుంటుంది. బయటివరస కణాలు ఆ పొరను కరిగించుకుంటూ లోపలికి చొచ్చుకుపోతాయి. దారిలో సన్నని రక్తనాళాలు తెగుతాయి. పన్నెండో రోజుకల్లా పిండం ఆ పొరలో పూర్తిగా పూడుకుపోతుంది. నిలిచిన గర్భాల్లో ఎక్కువ భాగం అండం విడుదలైన 8, 9, 10 రోజుల్లోనే నాటుకుంటాయని 1999లో వెలువడిన అధ్యయనంలో తేలింది. మన లెక్క ప్రకారం అది జనవరి 22 నుంచి 24 వరకు. నెలసరి రావలసింది 29న. తెగిన నాళాల నుంచి వచ్చిన కాస్త రక్తం మెల్లగా కిందికి దిగితే, సరిగ్గా నెలసరికి నాలుగైదు రోజుల ముందు గోధుమరంగు మరకగా కనిపించాలి.

తేదీలు కుదిరాయి, కారణం కుదిరింది, రంగు కూడా కుదిరింది. ఇంత నున్నగా అతికిన కథను పరీక్షకు పెట్టాలని ఎవరికీ అనిపించదు. చాలాకాలం అదే జరిగింది.

ఈ ఊహకు పునాది వేసిన పరిశీలనలు కోతుల మీద జరిగాయి. అమెరికాలోని బాల్టిమోర్‌లో, కార్నెగీ సంస్థ పిండశాస్త్ర విభాగంలో కార్ల్ హార్ట్‌మన్ అనే శాస్త్రవేత్త రీసస్ కోతులను పెంచి, వాటి నెలసరులను గమనించేవాడు. మన దేశంలో గోదావరికి ఉత్తరాన ఎక్కువగా కనిపించే కోతులు ఈ జాతివే. గర్భం నిలిచిన తొలి వారాల్లో ఈ కోతులకు గర్భసంచి నుంచి రక్తం వస్తుందని, దాన్ని గర్భానికి తొలి సూచనగా తీసుకోవచ్చని ఆయన 1929లో ప్రచురించాడు. వైద్య పుస్తకాల్లో అది ఆయన పేరుతోనే ‘హార్ట్‌మన్ సంకేతం’గా స్థిరపడింది. కోతులకు నిజమైనది స్త్రీలకూ నిజమే అయి ఉంటుందన్న అంచనా మెల్లగా ఖాయమైన సంగతిలా పాఠ్యపుస్తకాల్లోకి చేరింది. అక్కడి నుంచి గర్భిణుల పుస్తకాలకు, ఆ తర్వాత మన ఫోన్లకు వచ్చింది.

స్త్రీలలో దీన్ని నేరుగా పరిశీలించే అవకాశం 1980లలో దొరికింది. అమెరికాలోని నార్త్ కరోలినాలో, పిల్లల కోసం అప్పుడప్పుడే ప్రయత్నం మొదలుపెట్టిన 221 మంది స్త్రీలు ఒక అధ్యయనంలో చేరారు. రోజూ ఉదయం తొలి మూత్రాన్ని సీసాలో పట్టి దాచారు. ఏ రోజు రక్తం కనిపించిందో డైరీలో రాసుకున్నారు. ఆ మూత్రంలోని హార్మోన్లను కొలిచి అండం ఏ రోజు విడుదలైందో, పిండం ఏ రోజు నాటుకుందో పరిశోధకులు లెక్కగట్టారు. మరక పడిన రోజు, పిండం నాటుకున్న రోజు రెండూ విడివిడిగా నమోదై ఉన్నాయి కాబట్టి, ఆ రెండూ కలుస్తున్నాయో లేదో చూస్తే చాలు.

ఆ లెక్క 2003లో అచ్చయింది. గర్భం ఖాయంగా నిలిచిన 151 మందిలో, తొలి ఎనిమిది వారాల్లో కనీసం ఒక రోజు రక్తం చూసినవారు 14 మంది మాత్రమే, అంటే 9 శాతం. ఆ రక్తం కూడా నెలసరి రావలసిన రోజుల చుట్టూనే ఎక్కువగా కనిపించింది. పిండం నాటుకున్న రోజున కనిపించడం చాలా అరుదు. నాటుకోవడం వల్లే రక్తం వస్తుందన్న వాదనకు తమ లెక్కల్లో మద్దతు దొరకలేదని పరిశోధకులు తేల్చి రాశారు. అన్నట్టు, రక్తం చూసిన ఆ 14 మందిలో 12 మందికి పండంటి బిడ్డలు పుట్టారు.

ఇది చిన్న అధ్యయనమే, కాదనను. ఏ ఒక్కరికీ నాటుకునేటప్పుడు రక్తం రాదని దీన్ని పట్టుకుని శపథం చేయలేం. కానీ ‘అదే అయి ఉంటుంది’ అని ధీమాగా చెప్పేవారి చేతిలో ఇంతపాటి లెక్క కూడా లేదు. పైగా ఇందులో మరో సంగతి ఉంది. గర్భం నిలిచిన ప్రతి పది మందిలో తొమ్మిది మందికి మరక అన్నదే కనిపించలేదు. మరక రాలేదని దిగులుపడేవారు ఈ అంకెను గుర్తుపెట్టుకోవచ్చు.

మరి అందరూ అలా ఎందుకు చెబుతారు?

జ్ఞాపకం పక్షపాతి. నెలసరికి ముందు మరక చూసి, ఆ నెలలోనే కడుపు నిలిచినవారు ఆ మరకను జీవితాంతం గుర్తుంచుకుంటారు. అలాంటి మరకే చూసి, నాలుగు రోజులకు మామూలుగా నెలసరి వచ్చినవారు వారం తిరగకుండా మరచిపోతారు. తోటివారికి అనుభవం చెప్పేది మొదటి రకంవారే. విన్నవారికి మరకకు, గర్భానికి విడదీయరాని బంధం ఉన్నట్టు తోస్తుంది.

కడుపుతో సంబంధం లేకుండా మరక కనిపించడానికి కారణాలు బోలెడు. నెలసరికి ముందు ప్రొజెస్టెరాన్ అనే హార్మోను తగ్గుతుంటే లోపలి పొర అక్కడక్కడ ముందుగానే రాలడం మొదలుపెడుతుంది. గర్భాశయ ముఖద్వారం దగ్గర పుండ్లు, చిన్న కండలు (పాలిప్స్), ఇన్ఫెక్షన్లు ఉంటే కలయిక తర్వాత రక్తం కనిపిస్తుంది. గర్భనిరోధక మాత్రలు కొత్తగా మొదలుపెట్టినా, మధ్యలో ఒకటి రెండు మరచిపోయినా మరకలు పడతాయి. పీసీఓఎస్ (అండాశయాల పనితీరును దెబ్బతీసే హార్మోన్ల సమస్య), థైరాయిడ్ తేడాలు ఉన్నవారికి నెలసరే ఒక క్రమంలో ఉండదు.

వీటిలో మందుల షాపులో చీటీ లేకుండా దొరికే అత్యవసర గర్భనిరోధక మాత్ర గురించి విడిగా చెప్పాలి. దాన్ని వేసుకున్న కొద్ది రోజులకు మరకలు పడటం, ఆ నెల బహిష్టు ముందుకో వెనక్కో జరగడం మామూలే. ఆ మరకలను కొందరు నెలసరి వచ్చేసిందని నిశ్చింతగా తీసుకుంటారు, కొందరు మాత్ర పనిచేయలేదని బెంబేలెత్తుతారు. రెండూ తొందరపాటే. నెలసరి రావలసిన తేదీ వారం దాటితే పరీక్ష చేసుకోవడం ఒక్కటే దారి.

రంగు సంగతి కూడా ఇక్కడే తేల్చుకుందాం. రక్తం మెల్లగా, కొద్దికొద్దిగా కిందికి దిగితే దారిలో నిలవ ఉండి గోధుమరంగుకు మారుతుంది. తెల్లబట్ట స్రావంతో కలిస్తే లేత గులాబీ రంగులో ఉంటుంది. వేగంగా వస్తే ఎర్రగా ఉంటుంది. రంగు చెప్పేది రక్తం ఎంత వేగంగా వచ్చిందన్నదే. ఎక్కడి నుంచి, ఎందుకు వచ్చిందో అది చెప్పదు. గోధుమరంగు మరక మంచిదని, ఎర్రదైతే చెడ్డదని గీసే గీతకు విలువ లేదు. అండవాహికలో చిక్కుకున్న గర్భంలో కూడా తొలి మరక తరచూ గోధుమరంగులోనే ఉంటుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

కిట్టు మీద రెండో గీత

మరక చూసిన రోజే పరీక్ష కిట్టు తెచ్చుకుని, ఒకే గీత వచ్చిందని ఏడ్చేవారున్నారు. ఒకవేళ ఆ మరక నిజంగానే పిండం నాటుకునేటప్పుడు వచ్చిందనుకున్నా, ఆ రోజు కిట్టుకు దొరికేది ఏమీ ఉండదు. కిట్టు పసిగట్టేది హెచ్‌సీజీ అనే హార్మోనును. పిండం నాటుకోవడం మొదలయ్యాకే అది తల్లి రక్తంలోకి చేరుతుంది. తొలి వారాల్లో రెండు మూడు రోజులకొకసారి రెట్టింపవుతూ పోతుంది. అది మూత్రంలో కిట్టు పట్టుకునే స్థాయికి పెరగడానికి మరికొన్ని రోజులు కావాలి. మన లెక్కలో జనవరి 29 దాటకముందు చేసే పరీక్షలో ఒకే గీత వస్తే దానికి పెద్దగా అర్థం లేదు. 29 దాటాక ఉదయం తొలి మూత్రంతో చేస్తే మాట నమ్మొచ్చు. అప్పటికీ ఒకే గీత వచ్చి, నెలసరి రాకపోతే మూడు నాలుగు రోజులాగి మళ్లీ చేయాలి. నెలసరుల మధ్య ఎడం ఎక్కువగా ఉండేవారికి అండం విడుదలే ఆలస్యమవుతుంది కాబట్టి వారు ఇంకా ఆగాల్సి రావచ్చు.

గీతను కిట్టు మీద రాసిన సమయంలోపే చూడాలి. సాధారణంగా అది ఐదు నిమిషాలు. అరగంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూస్తే మూత్రం ఆరిన జాడ కూడా లేత గీతలా కనిపిస్తుంది. గడువులోపు కనిపించిన రంగు గీత ఎంత లేతగా ఉన్నా గర్భం ఉన్నట్టే లెక్క. కిట్టు కొనడానికి మొహమాటపడేవారు ఆశా కార్యకర్తను అడగవచ్చు. ‘నిశ్చయ్’ పేరుతో ప్రభుత్వం ఇచ్చే కిట్లు ఆమె ద్వారానే అందుతాయి.

ముందుముందుగా పరీక్ష చేసుకోవడంలో ఇంకో ఇబ్బంది ఉంది. నార్త్ కరోలినా అధ్యయనంలోనే, నాటుకున్న గర్భాల్లో 22 శాతం తల్లికి తెలియకముందే పోయాయి. నెలసరి కాస్త ఆలస్యంగా వచ్చిందనుకుని ఆ స్త్రీలు తమ పనుల్లో తాము పడిపోయారు. ఇప్పటి కిట్లతో నాలుగు రోజుల ముందే రెండో గీత చూసుకుని, ఆ తర్వాత మరక, ఆ తర్వాత రక్తం చూసినవారికి అదే సంఘటన గర్భస్రావంగా మిగులుతుంది. ముందే తెలుసుకోవడం తప్పని అనను. తెలుసుకున్నంత మాత్రాన ఆ గర్భాన్ని కాపాడే మందు లేదని మాత్రం తెలిసి ఉండాలి.

నెలసరి అనుకున్న మరక

గర్భం లేకుండానే ఉందనుకోవడం ఒక రకం పొరపాటు. దానికి తిరగబడిన పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. నార్త్ కరోలినా స్త్రీలలో రక్తం కనిపించింది నెలసరి రావలసిన రోజుల్లోనే కదా. మన ఉదాహరణలోని స్త్రీకి జనవరి 29న రెండు రోజులు కొద్దిగా రక్తం కనిపించి ఆగిపోయిందనుకుందాం. ఈసారి తక్కువగా అయిందనుకుని ఊరుకుంటుంది. ఫిబ్రవరిలో నెల తప్పుతుంది. డాక్టరు చివరి నెలసరి ఎప్పుడని అడిగితే జనవరి 29 అని చెబుతుంది.

జనవరి 1 నుంచి లెక్కిస్తే కాన్పు తేదీ అక్టోబరు 8. జనవరి 29 నుంచి లెక్కిస్తే నవంబరు 5. నాలుగు వారాల తేడా. తొలి మూడు నెలల్లో స్కానింగ్ చేయిస్తే పిండం పొడవును కొలిచి ఈ తప్పును సరిదిద్దుతారు. చేయించకపోతే తిప్పలే. పిండం మెడ వెనుక ద్రవాన్ని కొలిచే స్కానింగ్ 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల మధ్యే చేయాలి. తనకు పదకొండో వారమనుకుని వెళ్లిన తల్లికి నిజానికి పదిహేనో వారం నడుస్తుంటుంది, అప్పటికి ఆ పరీక్ష గడువు దాటిపోయి ఉంటుంది. కాగితం మీద 38 వారాలు నిండేసరికి కడుపులో 42 వారాలు నిండిపోతాయి. నెలలు మించిన బిడ్డ మీద పెట్టాల్సిన నిఘా ఎవరూ పెట్టరు.

అందుకే చివరి నెలసరి తేదీతోపాటు అది ఎప్పటిలా వచ్చిందా, తక్కువగా వచ్చిందా అన్నది కూడా డాక్టరుకు చెప్పాలి. తేడాగా వస్తే అంతకుముందు నెల తేదీ కూడా చెప్పాలి. గోడ క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టిన తేదీలు ఇలాంటప్పుడే అక్కరకు వస్తాయి.

ఆపరేషన్ అయిపోయినవారి సంగతి

అన్నింటికన్నా ప్రమాదకరమైన పొరపాటు మరొకటి ఉంది. మొత్తం గర్భాల్లో ఒకటి రెండు శాతం గర్భసంచి బయట నాటుకుంటాయి. వాటిలో నూటికి తొంభైకి పైగా అండవాహికలోనే. ఆ సన్నని గొట్టానికి సాగే గుణం తక్కువ. పిండం పెరుగుతున్నకొద్దీ అది చిరిగి కడుపులోకి రక్తం పోటెత్తుతుంది. గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. చిరగడానికి ముందు చాలామందిలో కనిపించేది కొద్దిపాటి మరకలు, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి మాత్రమే. చాలా సందర్భాల్లో ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఇవి బయటపడతాయి. మూత్ర పరీక్షలో గీతలు రెండూ వస్తాయి. ఇంట్లో స్వీట్లు పంచుకుని ఉంటారు. మరక కనిపిస్తే ‘పిండం కుదురుకుంటోంది’ అని సర్దిచెప్పుకుంటారు. ఆ సర్దిచెప్పుకోవడమే ఇక్కడ కొంప ముంచుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో దీనికి ఒక ప్రత్యేకమైన కోణముంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 49 ఏళ్లలోపు వివాహితల్లో సుమారు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. తెలంగాణలో కూడా 60 శాతానికి పైనే. చాలామందికి ఇరవైలలోనే, రెండో కాన్పుతోపాటే ఆ ఆపరేషన్ అయిపోతుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ల పాటు నెలసరులు వస్తూనే ఉంటాయి. ఇలాంటి స్త్రీకి నెలసరి తప్పి, పదిరోజులకు మరకలు మొదలైతే ఏమనుకుంటుంది? వయసు మీదపడుతోందనో, రక్తం తక్కువైందనో అనుకుంటుంది. ఇంట్లోవారికీ గర్భమన్న ఆలోచనే రాదు. ఒక్కోసారి చూసిన డాక్టరు కూడా, ఆపరేషన్ అయిందనగానే మూత్ర పరీక్ష రాయకుండా బలం మాత్రలు రాసి పంపుతారు.

ట్యూబులు కట్టిన తర్వాత కడుపు రావడం అరుదు. వస్తే మాత్రం అది అండవాహికలోనే ఉండే అవకాశం మామూలు కన్నా చాలా ఎక్కువ. అమెరికాలో ఆపరేషన్ చేయించుకున్న 10,685 మందిని ఏళ్ల తరబడి గమనించి 1997లో ప్రచురించిన లెక్కలో మొత్తం 143 గర్భాలు వచ్చాయి. వాటిలో 47, అంటే దాదాపు మూడో వంతు, గర్భసంచి బయట నాటుకున్నవే. ముడి వేసినా, కత్తిరించినా ట్యూబులో సూదిమొనంత దారి మళ్లీ ఏర్పడవచ్చు. వీర్యకణం దూరడానికి అది చాలు, పెరిగిన పిండం కిందికి జారడానికి చాలదు. ఆపరేషన్ విఫలమవుతుందని ప్రభుత్వానికీ తెలుసు. అలా విఫలమైనవారికి పరిహారమిచ్చే పథకాన్ని కేంద్రం 2005లోనే తెచ్చింది.

కాబట్టి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినా, కాపర్-టీ ఉన్నా, నెలసరి తప్పి మరకలు కనిపిస్తే ముందు చేయాల్సింది గర్భ పరీక్షే. గతంలో ఒకసారి ట్యూబులో గర్భం వచ్చినవారు, పొత్తికడుపు ఇన్ఫెక్షన్లకు మందులు వాడినవారు, ట్యూబులకు శస్త్రచికిత్స జరిగినవారు గీతలు రెండూ కనిపించగానే స్కానింగ్ వరకు వెళ్లాలి. లోపలి నుంచి చేసే స్కానింగ్‌లో ఐదు వారాలు దాటేసరికి గర్భసంచిలో పిండం పెరిగే చిన్న తిత్తి కనబడాలి. రక్తంలో హెచ్‌సీజీ తగినంత ఉండి గర్భసంచి ఖాళీగా ఉంటే డాక్టర్లు ట్యూబును అనుమానిస్తారు. త్వరగా పట్టుకుంటే ఇంజెక్షన్‌తో, కొద్దిపాటి శస్త్రచికిత్సతో గండం గడుస్తుంది.

పొత్తికడుపులో ఒక పక్క నొప్పి పెరుగుతూ కళ్లు తిరిగితే, ముఖం పాలిపోతే, భుజం పైభాగాన వింత నొప్పి వస్తే స్కానింగ్ అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకూడదు. ఆ భుజం నొప్పి చాలామందిని తప్పుదోవ పట్టిస్తుంది. కడుపులో చేరిన రక్తం ఊపిరితిత్తుల కింది కండర పొరను ఒరుసుకుంటే, ఆ పొరకు చెందిన నరం ద్వారా నొప్పి భుజంలో తెలుస్తుంది. మందు రాసి మర్దన చేసే సమయం కాదది, 108కు ఫోను చేయాల్సిన సమయం.

గర్భం ఖాయమయ్యాక కనిపించే మరక

సరైన చోటే గర్భముందని తేలాక మరక కనిపిస్తే అది వేరే ప్రశ్న. అమెరికాలో 4,510 మంది గర్భిణులతో చేసిన అధ్యయనంలో 1,204 మంది, అంటే నలుగురిలో ఒకరికి పైగా, తొలి మూడు నెలల్లో ఎప్పుడో ఒకప్పుడు రక్తం చూసినవారే. రక్తం ఎక్కువగా వచ్చినవారిలో, అందులోనూ నొప్పి తోడైనవారిలో గర్భస్రావం ముప్పు స్పష్టంగా పెరిగింది. ఒకటి రెండు రోజులు తేలికగా మరకలు పడి ఆగిపోయినవారికి మాత్రం రక్తమే చూడనివారికి ఉన్నంత ముప్పే ఉంది.

అయినా మన ఇళ్లలో మరక కనిపించగానే మొదటి మాట బెడ్ రెస్ట్. మెట్లు దిగొద్దు, వంగొద్దు, మంచం దిగొద్దు. పడుకున్నంత మాత్రాన గర్భం నిలుస్తుందని చూపిన నమ్మదగిన ఆధారం లేదు. తొలి నెలల్లో పోయే గర్భాల్లో సగానికి పైగా పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల పోతాయి. ఫలదీకరణ నాడే జరిగిపోయిన లోపం అది. స్కూటీ నడిపిందని, బొప్పాయి ముక్క తిన్నదని, బిందె ఎత్తిందని కోడలి మీద నింద వేయడం అన్యాయం. వారాల తరబడి మంచానికి కట్టేస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు అదనం.

ప్రొజెస్టెరాన్ మందుల కథ ఇంకాస్త సూక్ష్మమైనది. బ్రిటన్‌లో తొలి నెలల్లో రక్తం కనిపించిన 4,153 మందికి సగం మందికి ఆ మందు, సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. 2019లో ఫలితం వచ్చింది. మందు వాడినవారిలో 75 శాతం, వాడనివారిలో 72 శాతం మందికి బిడ్డలు పుట్టారు. ఇంత చిన్న తేడాను మందు గొప్పతనంగా చెప్పలేమన్నారు. కానీ అంతకుముందు గర్భస్రావాలు జరిగి, ఇప్పుడు రక్తం కనిపించినవారిలో మేలు కనిపించింది. అందుకే ఆ తర్వాత బ్రిటన్ మార్గదర్శకాల్లో అలాంటివారికి ఈ మందును సూచించారు. తొలి కాన్పు, ఒకే ఒక్క మరక అయినా చీటీలో ఈ మందు రాసే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. ఎందుకు రాస్తున్నారని డాక్టరును అడగడం మర్యాద తప్పడమేమీ కాదు.

మరక ఉన్న గర్భిణికి చలిజ్వరం ఉన్నా, గంటకొక ప్యాడు చొప్పున తడుస్తున్నా, గడ్డలు పడుతున్నా ఆసుపత్రికి వెళ్లాలి. ద్రాక్షపండ్ల గుత్తిలాంటి బుడగలు బయటికి వస్తే ముత్యాల గర్భం (పిండం సరిగా ఎదగకుండా మావి కణాలు బుడగలుగా పెరిగే స్థితి) అయి ఉండవచ్చు. దానికి వెంటనే వైద్యం కావాలి.

ఐవీఎఫ్ చేయించుకున్నవారికి లెక్క కొంచెం మారుతుంది. పిండాన్ని ప్రవేశపెట్టిన తేదీ తెలుసు కాబట్టి మరక కనిపించిన రోజున ఆశలు ఇంకా ఎక్కువగా పెరుగుతాయి. కానీ వాళ్లు లోపల పెట్టుకునే ప్రొజెస్టెరాన్ మాత్రలే ముఖద్వారాన్ని ఒరుసుకుని మరకకు కారణం కావచ్చు. గర్భం లేకపోయినా అదే మందు నెలసరిని ఆపి ఉంచగలదు. మరక వచ్చిందని మందులు మానేయకుండా, ఐవీఎఫ్ కేంద్రం వారు చెప్పిన రోజున రక్తపరీక్ష చేయించుకోవాలి.

చివరిగా బ్లడ్ గ్రూపు. తల్లిది నెగటివ్, తండ్రిది పాజిటివ్ అయితే మరక గురించి డాక్టరుకు చెప్పేటప్పుడే ఆ సంగతీ చెప్పాలి. బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిసే సందర్భాల్లో తల్లి ఒంట్లో ఆ రక్తానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్‌ను 72 గంటల్లోపు ఇస్తారు. తొలి వారాల్లో కొద్దిపాటి మరకకే అది అక్కర్లేదని కొన్ని దేశాల మార్గదర్శకాలు చెబుతాయి. రక్తం ఎక్కువగా పోతే, గర్భస్రావం జరిగితే, ట్యూబులో గర్భం తీయాల్సి వస్తే అవసరమా కాదా అన్నది వారాలను బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. గ్రూపు ఏమిటో తెలియనివారు గీతలు రెండూ కనిపించిన వారంలోనే ఆ పరీక్ష చేయించుకుని, కాగితాన్ని స్కానింగ్ రిపోర్టులతోపాటు ఒకే ఫైలులో పెట్టుకోవాలి.